సముద్రం పక్కన స్టీల్ రెయిలింగ్: వెల్డింగ్ తర్వాతే అసలు పని

విశాఖ బీచ్ రోడ్డు దగ్గర ఒక బాల్కనీకి 304 అనే రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌తో రెయిలింగ్ కట్టాను. మూడు నెలలకే వెల్డింగ్ చేసిన చోటల్లా గోధుమ రంగు మచ్చలు. "స్టెయిన్‌లెస్ అన్నావు కదా బాబూ" అని ఆ ఇంటి పెద్దావిడ అడిగితే నా దగ్గర జవాబు లేదు.

స్టెయిన్‌లెస్ స్టీల్‌లో ఎక్కువ భాగం ఇనుమే. దాన్ని కాపాడేది క్రోమియం. గాలి తగలగానే అది పైన కంటికి కనబడని పొర కడుతుంది. మందం కొన్ని నానోమీటర్లే. గీత పడినా ఆ పొర మళ్లీ అల్లుకుంటుంది. ఉప్పుగాలిలోని క్లోరైడ్ మాత్రం దాన్ని అక్కడక్కడా చీల్చి సూది బెజ్జాల్లాంటి గుంటలు పెడుతుంది. అందుకే సముద్రం పక్కన 316 రకం తీసుకోండి. అందులో 2-3 శాతం మాలిబ్డినం ఉంటుంది, గుంటలు పడకుండా బాగా ఆపుతుంది.

కొనేటప్పుడు అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలేనని నమ్మకండి. నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచిన 202 రకం కూడా దానికి సరిగా అంటుకోదు. మిల్ టెస్ట్ సర్టిఫికెట్, అంటే స్టీల్‌లో ఏది ఎంత ఉందో తయారీదారు రాసిచ్చే కాగితం, అడగండి.

వెల్డింగ్ పక్కన బంగారు, నీలం రంగులు తేలతాయి. చూడ్డానికి బాగుంటాయి కానీ వాటి అడుగున క్రోమియం తగ్గిపోయి ఉంటుంది. నేను వదిలేసింది అక్కడే. పికిలింగ్ పేస్ట్ (ఆ రంగునీ, దాని అడుగు పొరనీ తీసేసే యాసిడ్ పేస్ట్) పూసి, డబ్బా మీద రాసినంతసేపు ఉంచి, బాగా కడగండి. ఇళ్ల బోరు నీళ్లలో ఉప్పుండొచ్చు, మంచినీళ్లే వాడండి. ఆ పేస్ట్‌లో హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ ఉంటుంది. చర్మం మీద పడితే ముందు నొప్పి తెలియకపోవచ్చు, లోపల మాత్రం తినేస్తుంది. యాసిడ్ గ్లౌజులు, కళ్లద్దాలు, ముఖానికి షీల్డ్ లేకుండా ముట్టుకోవద్దు. కాల్షియం గ్లూకోనేట్ జెల్ పక్కనే ఉంచుకోండి. ఒంటి మీద పడితే వెంటనే నీళ్లతో కడిగి, జెల్ రాసి, ఆస్పత్రికి వెళ్లండి.

మామూలు ఇనుప గేటు అరగదీసిన గ్రైండింగ్ వీల్‌ని స్టీల్ మీద పెట్టకండి. పక్కన గేటు కోస్తుంటే ఎగిరిపడే రవ్వలు చాలు, ఇనుప పొడి అంటుకుని తుప్పు మొదలవుతుంది. అనుమానముంటే మంచినీళ్లతో తడుపుతూ, ఆరనిస్తూ ఒక రోజు చూడండి. ఎర్ర చుక్కలు తేలితే మళ్లీ శుభ్రం చేయాల్సిందే.

ఇచ్చేసేటప్పుడు ఇంటివాళ్లకు ఒక్క మాట చెప్పండి: టైల్స్ కడగడానికి మేస్త్రీ తెచ్చే బాత్రూం యాసిడ్ రెయిలింగ్ మీద పడనివ్వొద్దు. అందులోనూ క్లోరైడ్ ఉంటుంది. నెలకు రెండుసార్లు మంచినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిస్తే చాలు.