కత్తిరి ఎండలకు ముందే అంబాసిడర్ బానెట్ ఎత్తండి

ఏప్రిల్ రెండో వారం దాటిందంటే మద్రాసులో రేడియేటర్ పనివాళ్లు చేతికి దొరకరు. తమిళ సంవత్సరాది అవనీ సార్ అంటారు, అదయ్యాక వచ్చే సోమవారం అంటారు, ఈలోగా మే 4 అటూ ఇటూగా అగ్ని నక్షత్రం, అంటే ఏడాదిలోకెల్లా మండే ఎండల రోజులు, వచ్చి కూర్చుంటుంది, ఇక్కడివాళ్ల మాటలో కత్తిరి. 28కి అదైపోయిందని ఊపిరి పీల్చుకుందామంటే మన రోహిణి కార్తె అప్పటికే దిగి ఉంటుంది. నుంగంబాకంలో 45 డిగ్రీలు కొట్టింది 2003 మే 31న, అంటే కత్తిరి వెళ్లిపోయాక. అందుకే పాత బండి ఉన్నవాళ్లకు నేను చెప్పేది, ఉగాది పచ్చడి తిన్న వారంలోనే ఇంజన్ వేడెక్కకుండా చూసుకునే ఈ పని పెట్టుకోమని.

నాది 1977 మార్క్ 3 అంబాసిడర్, పెట్రోలుది, 1489 సీసీ. నాన్నగారి బండి. నేను చెప్పేదంతా దాని మీద నేర్చుకున్నదే, కానీ పద్మినీ, స్టాండర్డ్ హెరాల్డ్ లాంటి ఏ పాత కారుకైనా చాలావరకు పనికొస్తుంది. మీ బండి హెడ్, అంటే ఇంజన్ సిలిండర్లకు పైన బిగించే మూత, అల్యూమినియందైతే ఇంకాస్త భయంగానే చదవండి, వేడెక్కితే అది తొందరగా వంకరపోతుంది.

అన్నిటికంటే ముందు బండి ఎప్పుడు వేడెక్కుతోందో చూడండి. ఇది చూడకుండా మెకానిక్ దగ్గరకు పోతే ఆయన చేతికి ఏది దొరికితే అది మారుస్తాడు. ఆర్కాట్ రోడ్డులో మెట్రో తవ్వకాల పక్కన పావుగంట నిలబడ్డప్పుడు మాత్రమే టెంపరేచర్ మీటరు ముల్లు లేచి, బండి కదలగానే దిగిపోతుంటే, తక్కువైంది గాలి. ఫ్యాను, బెల్టు, రేడియేటర్ ముందు అడ్డం, వీటిలో ఏదో ఒకటి. అలాకాక సిటీలో బాగానే ఉండి రెడ్ హిల్స్ దాటాక నెల్లూరు హైవేలో డెబ్బై మీద పోతున్నప్పుడు మెల్లగా ఎక్కుతూ పోతుంటే నీళ్లు తిరగడం లేదని అర్థం. రేడియేటర్ ట్యూబులు పూడిపోయి ఉండాలి, లేదా వాటర్ బాడీ, అంటే నీళ్లు తిప్పే పంపు, లోపల రెక్కలు అరిగి ఉండాలి, లేదా కింది హోస్ పైపు లోపలికి నొక్కుకుపోతూ ఉండాలి. ఈ మూడోది చాలామందికి తట్టదు. కింది పైపులోంచి పంపు నీళ్లను పీలుస్తుంది కదా, రబ్బరు మెత్తబడితే ఇంజన్ రేజ్ చేసినప్పుడు ఆ పైపు చప్పిడైపోయి దారి మూసుకుంటుంది, ఆపి చూస్తే మళ్లీ గుండ్రంగా అమాయకంగా కనిపిస్తుంది. బానెట్ ఎత్తి ఒకరు యాక్సిలరేటర్ తొక్కుతుంటే ఇంకొకరు పైపును చూస్తే దొరికిపోతుంది, ఆ చూసేవాళ్లు పమిట, టై, పొడుగు చేతుల చొక్కా లాంటివి ఫ్యానుకు దూరంగా పెట్టుకోవాలి.

నేను దెబ్బతిన్నది ముల్లును నమ్మి. రెండేళ్ల కిందట మేలో, వడపళని సిగ్నల్ దగ్గర ముల్లు ఎర్ర గీత దాకా పోయింది, టెన్షన్‌తో పక్కకు తీద్దామనుకునే లోపు దానంతటదే సగానికి దిగింది. హమ్మయ్య అనుకుని కోడంబాక్కం దాకా తోలాను. అసలు జరిగిందేమిటంటే పాత హోస్ చిట్లి నీళ్లన్నీ పోయాయి, సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే సరిగ్గా చెబుతుంది, నీళ్లు పోయి ఒట్టి గాలి మిగిలితే ముల్లు పడిపోతుంది. హెడ్ గాస్కెట్, అంటే హెడ్ కింద ఉండే సీలు, పోయింది, హెడ్ దించి లేత్‌లో ఫేసింగ్ చేయించి చదును చేయించాల్సి వచ్చింది, ఆ నెల ఇంట్లో నేను ఏమీ అడగలేని పరిస్థితి. ముల్లు ఎక్కడం ఒక హెచ్చరికైతే, ఎక్కిన ముల్లు కారణం లేకుండా ఢమాల్న పడడం అంతకంటే పెద్ద హెచ్చరిక, వెంటనే ఇంజన్ ఆపేయాలి.

ఇక నీళ్లు. మద్రాసులో సగం పాత బండ్లను చంపింది ఎండ కాదు, బోరు నీళ్లు. మన బకెట్ల అంచున తెల్లగా పట్టే ఉప్పు పొరే రేడియేటర్ ట్యూబుల్లోనూ పడుతుంది, ఇంజన్ బ్లాకులోనూ పడుతుంది, అది వేడిని నీళ్లలోకి దిగనివ్వదు. నీళ్లు మార్చేటప్పుడు బ్లాకు పక్కనున్న డ్రెయిన్ ట్యాపు కూడా విప్పండి, చాలామంది రేడియేటర్ కిందిది ఒక్కటే విప్పి వదిలేస్తారు. నేను మొదటిసారి విప్పినప్పుడు ఒక్క చుక్క రాలేదు. తీగ పెట్టి కెలికితే ముందు గోధుమరంగు బురద ముద్దలా వచ్చింది, కాఫీ డికాక్షన్ పిండిలాగా, ఆ తర్వాత నీళ్లు. నలభై ఏళ్ల తుప్పు అది. వెనక సిలిండర్ చుట్టూ అదే పేరుకుని ఉంటుంది, కాబట్టి హోస్ పెట్టి ఎదురు దిక్కున నీళ్లు కొట్టి, తేటగా వచ్చేదాకా కడగండి. రేడియేటర్‌కు ఇది చాలకపోతే పైట్యాంకు టంకం విప్పించి రాడింగ్, అంటే ట్యూబుల్లో కడ్డీ దూర్చి శుభ్రం, చేయించాలి. పాత రాగి రేడియేటర్‌కున్న సుఖం అదే, విప్పి బాగుచేయొచ్చు, ప్లాస్టిక్ ట్యాంకు వాటికి ఆ భాగ్యం లేదు.

కడిగాక నింపేది డిస్టిల్డ్ వాటర్, అంటే బ్యాటరీలో పోసే నీళ్లు, దాంట్లో మూడోవంతు కూలెంట్. మనకు మంచు పడదు కదా కూలెంట్ ఎందుకు అనేవాళ్లుంటారు, అది తుప్పు పట్టకుండా, పంపు సీలు ఎండిపోకుండా. సగానికి సగం పోయాల్సిన పనీ లేదు, కూలెంట్ ఎక్కువైతే వేడిని మోసే శక్తి ఒట్టి నీళ్లకంటే తగ్గుతుంది. రంగు చూసి కొనకండి, ఆకుపచ్చ, ఎరుపు అన్నది కంపెనీవాడు కలిపే రంగు మాత్రమే, డబ్బా మీద రాగి, ఇత్తడి, టంకం ఉన్న పాత రేడియేటర్లకు పనికొస్తుందా లేదా అన్నది చదవండి. రెండు రకాలు కలిపితే లోపల జిగురు కట్టే ప్రమాదం ఉంది. ఇంకోటి, తీసిన పాత కూలెంట్ వీధి కాలవలో పోయకండి, అది తియ్యగా ఉండే విషం, కుక్కలు నాకుతాయి.

ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని థర్మోస్టాట్ వాల్వ్ గురించి నాకూ మా మెకానిక్‌కూ ఏళ్లుగా గొడవ. "ఎందుకు సార్ వాల్వు, మన ఊరికి పీకేద్దాం" అంటాడు. మన ఊళ్లో నూటికి తొంభై మంది చేసేది అదే. కానీ సిగ్నల్లో ఇరుక్కున్నప్పుడు ఆ వాల్వు ఎలాగూ పూర్తిగా తెరుచుకునే ఉంటుంది, దాన్ని పీకినందువల్ల రేడియేటర్‌కు గాలి కొత్తగా వచ్చిపడదు. పొద్దున్నపూట ఇంజన్ త్వరగా వేడెక్కక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అరుగుదలా ఎక్కువే. వాల్వు మీద అనుమానముంటే పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. దారానికి కట్టి గిన్నెలో నీళ్లలో వేలాడదీయండి, అడుగుకు తగలకూడదు, పక్కన థర్మామీటర్ పెట్టి మరగబెట్టండి. వాల్వు మీద 82 అని ఉంటే ఆ దరిదాపుల్లో తెరుచుకోవడం మొదలుపెట్టి, నీళ్లు మరిగేసరికి బాగా నోరు తెరవాలి. తెరవకపోతే మార్చండి, కొత్తదాన్ని కూడా బిగించేముందు ఇలాగే ఉడకబెట్టండి. మా ఇంట్లో దీనికని ఒక పాత గిన్నె వేరే పెట్టారు, దాన్ని వంటింట్లోకి తెస్తే ఊరుకోరు.

రేడియేటర్ మూతను ఎవరూ పట్టించుకోరు, అందరికీ అది మూతే. కానీ నీళ్లు ఎంత వేడికి మరగాలో నిర్ణయించేది అదే. నా దానికి చదరపు అంగుళానికి 7 పౌండ్ల ఒత్తిడి ఆపే మూత, దానితో ఒట్టి నీళ్లు కూడా సుమారు 111 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు ఎండిపోయి ప్రెషర్ ఆపలేకపోతే 100 దగ్గరే కుతకుతలాడుతుంది. అలాగని ఇప్పటి కార్ల 15 పౌండ్ల మూత తెచ్చి బిగించకండి, నలభై ఏళ్ల టంకాలు ఆ ఒత్తిడికి తట్టుకోవు. మూత లోతు కూడా మీ రేడియేటర్ మెడకు సరిపోవాలి, పొట్టిదైతే పైకి బిగుసుకున్నట్టే ఉంటుంది గానీ లోపల ఆనదు. పాత బండ్ల పార్టులమ్మే పుదుప్పేటలో కొనేటప్పుడు పాతది చేత్తో పట్టుకెళ్లండి.

గాలి విషయంలో నా పోరు ఎలక్ట్రిక్ ఫ్యాన్లతో. పాత ఫ్యాను పీకేసి ఎలక్ట్రిక్ ఫ్యాను పెడితే అంతా సర్దుకుంటుందని చాలామంది డబ్బు తగలేస్తారు. మీ బండిలో కరెంటు పుట్టించేది ఇంకా పాత డైనమోనే అయితే, ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజన్ మెల్లగా తిరుగుతున్నప్పుడు, అది ఇచ్చే కరెంటు దాదాపు సున్నా. అంటే సిగ్నల్లో, సరిగ్గా ఫ్యాను అవసరమైనప్పుడే, అది బ్యాటరీని తింటూ తిరుగుతుంది, చీకటి పడి హెడ్‌లైట్లు కూడా వేస్తే ఇక చెప్పక్కర్లేదు. డైనమో తీసి ఐడిల్‌లోనూ కరెంటిచ్చే ఆల్టర్నేటర్ పెట్టాకే ఆ ఆలోచన చేయండి. ముందు ఖర్చులేని పనులు చూసుకోండి. బెల్టును పొడుగు వైపు మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం దాకా దిగాలి, అంతకన్నా వదులైతే జారుతుంది, బిగువైతే వాటర్ బాడీ బేరింగ్ పోతుంది. గ్రిల్లు వెనక పెట్టించిన జోడు హారన్లు, ఫాగ్ లైట్లు, ఎప్పుడో పెట్టి ఆడని ఏసీ కండెన్సర్, అన్నీ గాలికి అడ్డమే. రేడియేటర్ ఫిన్నుల్లో, అంటే ట్యూబుల మధ్య పలుచటి రేకుల్లో, చచ్చిన పురుగులను ఇంజన్ వైపు నుంచి మెల్లగా నీళ్లు కొట్టి తీయండి, ప్రెషర్ వాషర్‌తో కాదు, ఫిన్నులు పడుకుంటాయి. ఇవన్నీ బాగుండి కూడా వేడెక్కుతుంటే ఇగ్నిషన్ టైమింగ్, అంటే స్పార్కు పడే వేళ, చూపించండి, అది ఆలస్యమైనా ఇంజన్ కాలుతుంది.

నీళ్లు నింపేటప్పుడు ముందు చక్రాలు కాస్త ఎత్తులో ఉండేలా బండి పెట్టి, మెల్లగా పోసి, మూత లేకుండా ఇంజన్ ఆన్ చేసి, వాల్వు తెరుచుకున్నాక పడిపోయిన మేర మళ్లీ పోయండి. లోపల గాలి ఇరుక్కుంటే ఎన్ని కొత్త పార్టులు వేసినా దండగ. పొంగిన నీళ్లు పట్టే బాటిల్ పక్కన లేని పాత రేడియేటర్లో మెడ దాకా నింపకండి, ఒక అంగుళం ఖాళీ ఉంచండి. నింపితే వేడికి వ్యాకోచించి ఆ అంగుళం ఎలాగూ బయట పోసేస్తుంది, మీరు లీకేజీ అని కంగారుపడి మళ్లీ నింపుతారు, అది మళ్లీ పోస్తుంది. నేను ఒక ఎండాకాలమంతా ఇదే ఆట ఆడాను.

దారిలో ముల్లు ఎక్కుతోందంటే గేరు న్యూట్రల్‌లో పెట్టి యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి ఉంచండి, ఫ్యానూ పంపూ ఇంజన్‌తోనే తిరుగుతాయి కాబట్టి కాస్త దిగుతుంది. దిగకపోతే పక్కకు తీసి ఆపేయండి, బానెట్ ఎత్తండి, టీ తాగండి. మూత మీద చెయ్యి వేయొద్దు. ప్రెషర్ ఒక్కసారి పోగానే లోపలి నీళ్లన్నీ ఒకేసారి మరిగి మొహం మీదకు ఎగజిమ్ముతాయి, మా బాబాయికి మోచేతి దాకా బొబ్బలెక్కాయి. కనీసం ముప్పావుగంట ఆగి, పాత తువ్వాలు మడతలు పెట్టి, మొహం పక్కకు తిప్పి, మొదటి మెట్టు దాకా తిప్పి ఆవిరి పోనివ్వాలి. వేడి ఇంజన్లో చన్నీళ్లు గుమ్మరిస్తే ఇనుప బ్లాకైనా పగులుతుంది. చల్లారాక ఇంజన్ స్టార్ట్ చేసి సన్న ధారగా పోయండి.

నా డిక్కీలో ఐదు లీటర్ల నీళ్ల క్యాను, ఒక ఫ్యాన్ బెల్టు, పై హోసూ కింది హోసూ, నాలుగు క్లిప్పులు, స్క్రూడ్రైవర్, ఆ తువ్వాలు ఎప్పుడూ ఉంటాయి. మేలో నెల్లూరు పెళ్లికి పోవాల్సి వస్తే తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరతాను, ఎండెక్కేలోపు సూళ్లూరుపేట దాటేస్తాం. తిరుగు ప్రయాణం సాయంత్రం ఐదు తర్వాతే, పెళ్లివాళ్లు మధ్యాహ్నం భోజనం కాగానే బయల్దేరమన్నా సరే.