పాత హార్డ్ డిస్క్‌లో ఫైళ్లు తెరుచుకోకపోతే: ముందు తాళం ఏ రకమో చూడండి

పాత విండోస్ డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌కు తగిలించి, యూజర్స్‌లో మీ పేరున్న ఫోల్డర్ మీద నొక్కితే పర్మిషన్ లేదంటుంది. దీని వెనక వేర్వేరు తాళాలు ఉండొచ్చు. ఒకటి ఉత్తుత్తి తాళం, ఇంకో రెండు నిజంగా గట్టివి.

ముందు తగిలించడం. ల్యాప్‌టాప్‌లోని 2.5 అంగుళాల సాటా డిస్క్‌కు మామూలుగా యూఎస్‌బీ ఇచ్చే 5 వోల్టులు చాలు. డెస్క్‌టాప్‌లోని 3.5 అంగుళాల దానికి 12 వోల్టులు కూడా కావాలి కాబట్టి, సొంత పవర్ అడాప్టర్ ఉన్న డాక్ (డిస్క్‌ను యూఎస్‌బీతో కంప్యూటర్‌కు కలిపే పెట్టె) తీసుకోండి. తగిలించగానే ‘ఫార్మాట్ చేయాలా’ అని అడిగితే క్యాన్సిల్ కొట్టండి. డిస్క్ టకటకమని కొట్టుకుంటుంటే వెంటనే పవర్ తీసేయండి. ఇక అది డేటా రికవరీ ల్యాబ్ పని. శబ్దం లేకపోయినా, డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రామ్‌లో ‘కరెంట్ పెండింగ్ సెక్టర్’ (సరిగా చదవలేకపోతున్న చోట్ల లెక్క) సున్నా కాకుండా ఉంటే ఫైళ్ల జోలికి పోవద్దు. పాడవుతున్న డిస్క్‌లను కాపీ చేసే డీడీరెస్క్యూ ప్రోగ్రామ్‌తో డిస్క్ మొత్తానికీ ఇమేజ్ (అచ్చు నకలు) తీసి, ఆ ఇమేజ్ మీదే పని చేయండి.

ఇక ఉత్తుత్తి తాళం. లాగిన్ పాస్‌వర్డ్ ఒక్కటే పెట్టుకుంటే ఫైళ్లు ఎన్‌క్రిప్ట్ కావు, అంటే కీ లేకుండా చదవలేని రహస్య రూపంలోకి మారవు. ప్రతి ఫోల్డర్ మీదా పాత అకౌంట్ నంబర్ రాసి ఉంటుంది, కొత్త విండోస్‌కు ఆ నంబర్ ఎవరిదో తెలియదు, అంతే. ‘కంటిన్యూ’ నొక్కితే చాలాసార్లు తెరుచుకుంటుంది కానీ, వేల ఫైళ్ల పర్మిషన్లు పాత డిస్క్ మీదే తిరగరాస్తుంది. చాలా సేపు పడుతుంది, మధ్యలో ఆగితే సగం అటు, సగం ఇటు.

దానికన్నా విండోస్‌లోనే ఉండే కాపీ కమాండ్ రోబోకాపీ మేలు. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి రోబోకాపీ, పాత ఫోల్డర్ పాత్, కొత్త ఫోల్డర్ పాత్, ఆ తర్వాత స్లాష్ ఈ, స్లాష్ బీ, స్లాష్ ఎక్స్‌జే, స్లాష్ ఆర్ కోలన్ 1, స్లాష్ డబ్ల్యూ కోలన్ 1 టైప్ చేయండి (అన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే). పాత్‌లో ఖాళీ ఉంటే కోట్స్‌లో పెట్టాలి. ‘బీ’ అంటే బ్యాకప్ మోడ్: పర్మిషన్లను మార్చకుండానే చదువుతుంది. ‘ఎక్స్‌జే’ పెట్టకపోతే ‘అప్లికేషన్ డేటా’ లాంటి షార్ట్‌కట్ ఫోల్డర్లలో పడి గిరగిరా తిరుగుతుంది. చివరి రెండూ మరిచిపోతే, చదవలేని ఒక్క ఫైల్ దగ్గరే 30 సెకన్లకోసారి చొప్పున పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. డీఫాల్ట్ అంతే మరి!

కాపీ అయ్యాక కూడా తెరుచుకోని ఫైళ్లూ, అసలు కాపీయే కాని ఫైళ్లూ ఉంటే ఈఎఫ్‌ఎస్ ఎన్‌క్రిప్షన్ (విండోస్ ఒక్కో ఫైల్‌కు విడిగా వేసే గట్టి తాళం) ఉందేమో చూడండి. విండోస్ 10, 11లలో ఐకాన్ మీద చిన్న తాళం, పాతవాటిలో ఆకుపచ్చ పేరు కనిపిస్తుంది. లైనక్స్‌తో బూట్ చేసినా లాభం లేదు. పాత కంప్యూటర్ ఇంకా ఆన్ అవుతుంటే పాత పాస్‌వర్డ్‌తోనే లాగిన్ అయి, ఈఎఫ్‌ఎస్ సర్టిఫికెట్‌ను, తాళం తీసే ప్రైవేట్ కీతో సహా, పీఎఫ్‌ఎక్స్ ఫైల్‌గా (రెండూ కలిపి దాచే ఫైల్) ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. ఏదో టూల్‌తో పాస్‌వర్డ్ రీసెట్ చేయడం మాత్రం వద్దే వద్దు: ఆ కీ పాత పాస్‌వర్డ్‌తోనే ముడిపడి ఉంటుంది.

డ్రైవ్ మీదే తాళం గుర్తు ఉంటే అది బిట్‌లాకర్, అంటే డ్రైవ్ మొత్తాన్నీ ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ తాళం. 48 అంకెల రికవరీ కీ కావాలి. మీరెప్పుడూ ఆన్ చేయకపోయినా, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేసిన చాలా ల్యాప్‌టాప్‌లలో దానంతటదే ఆన్ అయి ఉంటుంది. అప్పుడు కీ కూడా ఆ అకౌంట్‌లోనే దొరుకుతుంది. అక్కడ నాలుగైదు కీలు కనిపిస్తే, స్క్రీన్ మీది కీ ఐడీలో మొదటి 8 అక్షరాలతో పోల్చుకోండి. కీ ఆరేసి అంకెల 8 గుంపులుగా ఉంటుంది, ప్రతి గుంపూ 11తో భాగించబడాలి. కాగితం మీద చెరిగిపోయిన అంకెను ఈ లెక్కతో పట్టుకోవచ్చు. కీ దొరకకపోతే దారి లేదు. తెరిచిపెడతామనే సాఫ్ట్‌వేర్లకు డబ్బు కట్టకండి.

ఒక్కోసారి తాళమే ఉండదు. వన్‌డ్రైవ్ (ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచే మైక్రోసాఫ్ట్ సర్వీస్) వాడిన కంప్యూటర్‌లో ఫైల్ పేరు, సైజు కనిపిస్తున్నా, ప్రాపర్టీస్‌లో ‘సైజ్ ఆన్ డిస్క్’ సున్నా ఉంటే అసలు ఫైల్ ఆ డిస్క్‌లో లేనట్టే. వన్‌డ్రైవ్‌లోకి లాగిన్ అయి వెతకండి.