గేమింగ్ ల్యాప్‌టాప్ ఎలా ఎంచుకోవాలి? కార్డు పేరుతో పాటు వాట్లూ అడగండి

మా తమ్ముడు బీటెక్‌లో చేరిన ఏడాది ఇంట్లో అందరం తలా కొంత వేసుకుని గేమింగ్ ల్యాప్‌టాప్ కొన్నాం. సన్నగా, చూడముచ్చటగా ఉంది. లోపల గేమ్ బొమ్మల్ని గీసే ఆర్‌టీఎక్స్ 4050 గ్రాఫిక్స్ కార్డు. హాస్టల్లో రూమ్మేట్ దగ్గర కూడా 4050 ఉన్న ల్యాప్‌టాపే ఉంది, కాకపోతే లావుగా, బరువుగా ఉంటుంది. ఇద్దరూ ఒకే గేమ్‌ని ఒకే సెట్టింగ్స్‌లో పెట్టి చూశారు. రూమ్మేట్‌ది సాఫీగా నడిచింది, మావాడిది ఆగి ఆగి నడిచింది. "అన్నా, మనల్ని మోసం చేశారా?" అని రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు.

మోసం కాదు. మా దాంట్లో కార్డు 50 వాట్లకు మించి కరెంటు తీసుకోకుండా కట్టడి ఉంది. రూమ్మేట్ దాంట్లో 95 వాట్ల దాకా తీసుకుంటుంది. ఆ సంగతి పెట్టె మీద లేదు, మేమూ అడగలేదు. నాలుగేళ్లు వాడాల్సిన వస్తువు కాబట్టి, కొనేముందు ఏమేం చూడాలో వరసగా చెబుతాను.

1. ఆడే గేమ్స్ పేర్లు కాగితం మీద రాసుకోండి

వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివి గ్రాఫిక్స్ కార్డు మీద పెద్దగా భారం వెయ్యవు, ప్రాసెసర్ బాగుంటే చాలు. సైబర్‌పంక్ 2077, బ్లాక్ మిత్ వుకాంగ్ లాంటివి మంచి కార్డు లేకపోతే కష్టం. మీ కాగితం మీద అన్నీ మొదటి రకమే ఉంటే ఖరీదైన కార్డు కోసం అప్పు చెయ్యాల్సిన పని లేదు. రెండో రకం ఉంటే బడ్జెట్‌లో పెద్ద వాటా కార్డుకే ఇవ్వాలి.

2. కార్డు: ముందు మెమరీ, తర్వాత వాట్లు

ల్యాప్‌టాప్ కార్డుల్లో ఆర్‌టీఎక్స్ 4050కి 6 జీబీ మెమరీ ఉంటుంది. 4060, 4070, 5060, 5070... ఈ నాలుగింటికీ 8 జీబీయే. 12 జీబీ కావాలంటే 5070 టీఐ దాకా వెళ్లాలి. కొత్త గేమ్స్‌లో బొమ్మల నాణ్యత పెంచితే 6 జీబీ తొందరగా నిండిపోతుంది. కొన్ని వేలు ఎక్కువైనా 8 జీబీ తీసుకోమనే నా సలహా. ఇంకో జాగ్రత్త: డెస్క్‌టాప్ 4070కి 12 జీబీ మెమరీ ఉంటుంది, అది వేరే చిప్. యూట్యూబ్‌లో డెస్క్‌టాప్ కార్డు రివ్యూ చూసి ల్యాప్‌టాప్ కొనొద్దు.

ఇక అసలు విషయం వాట్లు. ఈ కార్డుల కంపెనీ ఎన్విడియా, ల్యాప్‌టాప్ 4060ని 35 నుంచి 115 వాట్ల వరకు ఎక్కడైనా పెట్టుకునే స్వేచ్ఛ ల్యాప్‌టాప్ తయారీ కంపెనీలకు ఇచ్చింది. కొన్ని మోడళ్లలో దీనికి అదనంగా ఇంకో 25 వాట్లు కలిసి 140 దాకా వెళుతుంది. అంటే ఒకే పేరున్న కార్డు ఒక ల్యాప్‌టాప్‌లో పరిగెడుతుంది, ఇంకో దాంట్లో నడుస్తుంది. వెబ్‌సైట్‌లో స్పెసిఫికేషన్స్ చివరిదాకా చదవండి. కార్డు తీసుకోగల వాట్లు 'టీజీపీ' అనో, 'మ్యాగ్జిమమ్ గ్రాఫిక్స్ పవర్' అనో చిన్న అక్షరాల్లో రాసి ఉంటాయి. 4050, 4060 అయితే 95, 100 వాట్ల దగ్గర ఉన్నది చూసుకుంటే చాలు. అది దాటాక లాభం తక్కువ, వేడి ఎక్కువ.

ఎక్కడా రాయలేదా? ఛార్జర్ మీద అంకె చూడండి. 4060 ఉన్న ల్యాప్‌టాప్‌కి 230 వాట్ల ఛార్జర్ ఇచ్చారంటే కార్డుకి బాగానే కరెంటు అందుతుంది. అదే కార్డుకి 150 వాట్ల ఛార్జర్ ఇస్తే అనుమానించాల్సిందే, ఎందుకంటే ప్రాసెసర్, స్క్రీన్, ఫ్యాన్లు అన్నీ ఆ 150 లోంచే పంచుకోవాలి.

3. మన ఎండలకు తట్టుకుంటుందా?

ల్యాప్‌టాప్ ఫ్యాను గదిలో ఉన్న గాలినే లోపలికి లాగి వేడిని బయటకు నెడుతుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో బయట 45 డిగ్రీలు, ఏసీ లేని గదిలో 38 ఉన్నప్పుడు ఆ గాలి ఏం చల్లబరుస్తుంది? ప్రాసెసర్ 95, 100 డిగ్రీల దగ్గరికి రాగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. గేమ్ మొదటి పది నిమిషాలు బాగుండి, తర్వాత నత్తనడక పడితే చాలాసార్లు కారణం ఇదే.

అందుకే రివ్యూల్లో మొదటి ఐదు నిమిషాల ఆట చూసి మురిసిపోవద్దు. అరగంట ఆడాక ఫ్రేమ్స్ (సెకనుకి వచ్చే బొమ్మలు) ఎంత, వేడి ఎంత అని చూపించే రివ్యూ వెతకండి. అది ఏసీ గదిలో తీసిందైతే మన గదిలో ఇంకొన్ని డిగ్రీలు కలుపుకోండి. మోడల్ తిరగేసి చూడండి: అడుగున గాలి పీల్చే జాలీ పెద్దగా ఉందా? వేడి గాలి వెనక్కి వెళుతుందా, పక్కనుంచి మౌస్ పట్టుకున్న చేతి మీదకు కొడుతుందా? సన్నటి ల్యాప్‌టాప్ కన్నా రెండున్నర కిలోల లావుపాటిది మన ఊళ్లలో ఎక్కువ కాలం సుఖపెడుతుందని నా నమ్మకం. రోజూ బస్సులో మోసుకెళ్లేవాళ్లకు మాత్రం ఆ బరువుకి అరకిలో పైబడిన ఛార్జర్ తోడవుతుందని గుర్తుండాలి.

4. ర్యామ్, ఎస్ఎస్‌డీ

16 జీబీ ర్యామ్ ఉండాలి, అది రెండు 8 జీబీ ముక్కలుగా ఉంటే మంచిది. ఒకే ముక్కగా ఉంటే మెమరీకి సగం దారే తెరిచినట్టు, చాలా గేమ్స్‌లో ఫ్రేమ్స్ తగ్గుతాయి. ఒకే ముక్క ఉన్నా రెండో స్లాట్ ఖాళీగా ఉంటే తర్వాత వేసుకోవచ్చు. మదర్‌బోర్డుకి అతికించేసిన ర్యామ్ అయితే పెంచుకోవడానికి వీలుండదు. బ్లాక్ మిత్ వుకాంగ్ ఒక్కటే 130 జీబీ అడుగుతుంది కాబట్టి గేమ్స్, ఫైళ్లు దాచుకునే ఎస్ఎస్‌డీ 512 జీబీదైతే ఇట్టే నిండుతుంది. రెండో ఎస్ఎస్‌డీకి చోటు ఉందో లేదో అడగండి.

5. ప్రాసెసర్ పేరులో తిరకాసు

ఇంటెల్ ఐ9 మోజులో పడి కార్డు తగ్గించుకోవద్దు. ఇంటెల్ ఐ5, ఏఎమ్‌డీ రైజెన్ 5లలో హెచ్ సిరీస్ (పేరు చివర హెచ్ ఉన్నవి) చాలామందికి సరిపోతాయి. రైజెన్ 7000 సిరీస్‌లో మూడో అంకె చూడండి. 7735హెచ్ఎస్‌లో అది 3, అంటే పాత జెన్ 3 తరం. 7840హెచ్ఎస్‌లో 4, అంటే జెన్ 4. రెండూ 'రైజెన్ 7' పేరుతోనే వస్తాయి. 7435హెచ్ఎస్‌కి లోపల సొంత గ్రాఫిక్స్ లేదు. క్లాసులో నోట్స్ రాసుకుంటున్నా పెద్ద కార్డే పనిచెయ్యాలి, బ్యాటరీ త్వరగా అయిపోతుంది.

6. స్క్రీన్

144 హెర్ట్జ్, అంటే సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చే స్క్రీన్, ఇప్పుడు మామూలైపోయింది. తేడా వచ్చేది రంగుల దగ్గరే. '45 శాతం ఎన్‌టీఎస్‌సీ' అని ఉంటే రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. '100 శాతం ఎస్ఆర్‌జీబీ' రంగులు, 300 నిట్స్ వెలుగు ఉన్నది తీసుకోండి. మక్స్ స్విచ్ ఉంటే ఇంకా మంచిది, కార్డు నుంచి బొమ్మ నేరుగా స్క్రీన్‌కి వెళుతుంది.

7. ఎక్కడ కొనాలి?

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ లాంటి చోటికి వెళితే కీబోర్డు నొక్కి, మూత తెరిచి మూసి చూడొచ్చు. ఆన్‌లైన్ అయితే పండగ సేల్‌లో ధర తగ్గవచ్చు, పెట్టె విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. ఎక్కడ కొన్నా జీఎస్‌టీ బిల్లు తప్పనిసరి. తక్కువ ధర చూపిస్తే విండోస్ ఉందా, విండోస్ లేకుండా డాస్‌తో వస్తోందా అని అడగండి. అమెరికాలో ఉన్న అక్కతోనో బావగారితోనో తెప్పించుకునే ముందు, ఆ మోడల్ నంబరు చెప్పి ఇక్కడి కస్టమర్ కేర్‌లో ఒక్కసారి కనుక్కోండి. ఆ వారంటీ ఇక్కడ చెల్లకపోతే మదర్‌బోర్డు ఖర్చు మొత్తం మీ మీదే పడుతుంది.

8. ఇంటికి తెచ్చిన రోజే పరీక్షించండి

రిటర్న్ గడువు కొద్ది రోజులే ఉంటుంది, అందుకే దీన్ని వాయిదా వెయ్యకండి. ఛార్జర్ మూడు పిన్నుల సాకెట్‌కే పెట్టాలి. హాస్టల్లో ఎర్తింగ్ లేని ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పెడితే మెటల్ బాడీ ముట్టుకున్నప్పుడు జిల్లుమంటుంది. చాలామంది ల్యాప్‌టాప్ పాడైందని టెన్షన్ పడతారు, ముందు సాకెట్ మార్చి చూడండి. గేమ్స్ ఎప్పుడూ ఛార్జర్ పెట్టే ఆడాలి, బ్యాటరీ మీద వేగం బాగా పడిపోతుంది.

తర్వాత స్క్రీన్ మొత్తం నలుపు, తెలుపు చేసి చుక్కలు ఉన్నాయేమో చూడండి. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే 'మ్యాగ్జిమమ్ గ్రాఫిక్స్ పవర్' ఎదురుగా వాట్లు కనిపిస్తాయి. ఆ అంకెని మీరు కొనేటప్పుడు చదివినదానితో పోల్చండి. ఆపైన మంచం మీద కాకుండా బల్ల మీద పెట్టి, మీ కాగితంలో అన్నిటికన్నా బరువైన గేమ్ అరగంట ఆడండి. వాట్లు తేడా ఉన్నా, అరగంటకి వేగం సగానికి పడిపోయినా స్క్రీన్ ఫొటో తీసి, అదే రోజు రిటర్న్‌కి పెట్టండి.