పాత చెక్క యో-యోను పరిశీలించడం, భద్రపరచడం ఎలా?

రెండు బిళ్ళల మధ్య ఇరుసుకు దారం చుట్టి కిందికీ పైకీ ఆడించే బొమ్మ యో-యో. పాత చెక్క యో-యో చేతికి రాగానే అందరి చూపూ పైనున్న రంగు మీదికి, ముద్ర మీదికి పోతుంది. మొదట చూడవలసింది మాత్రం రెండు బిళ్ళల మధ్యనున్న గాడిని. టార్చి వెలుతురు ఏటవాలుగా పడేట్లు పట్టి, ఇరుసు మొదలు దగ్గర పరిశీలించండి. బాగా ఆడిన యో-యోలో దారం ఒరిపిడికి లోపలి గోడలు నల్లబడి, ఇరుసు చుట్టూ సన్నని వలయం నున్నగా తేలుతుంది. ఈ మచ్చను లోపంగా భావించి రుద్దేయకూడదు, ఆ వస్తువు అసలుదని చెప్పే బలమైన సాక్ష్యాలలో అదొకటి. లోపల ఇంత అరుగుదల ఉండి, పైన మాత్రం రంగు ఒక్క గీత కూడా లేకుండా తళతళలాడుతుంటే, ఎవరో మళ్ళీ రంగు వేశారని అనుమానించవలసిందే.

తర్వాత నిర్మాణం చూడాలి. కొన్నింటిని ఒకే కర్రముక్క నుంచి లేత్‌పై (కర్రను గిరగిరా తిప్పుతూ చెక్కే యంత్రంపై) చెక్కుతారు, మరికొన్నింటిలో రెండు బిళ్ళలను చెక్క ఇరుసుతో కలిపి అతికిస్తారు. అతికించిన రకంలో ఇరుసు రంధ్రం నుంచి అంచు వైపు, కర్ర పోగు వెంబడి, వెంట్రుకవాసి చీలిక ఉందేమో గోటితో తడిమి చూడండి. మందపాటి కాగితపు ముక్కను గాడి చుట్టూ తిప్పితే, ఒకచోట బిగుసుకుని మరోచోట వదులైతే, బిళ్ళలు వంకరపోయాయని అర్థం.

ముద్రను బట్టి కాలాన్ని అంచనా వేయడానికి కొంత చరిత్ర తెలిసి ఉండాలి. ఫిలిప్పీన్స్ నుంచి అమెరికా వచ్చిన పెడ్రో ఫ్లోరెస్ 1928లో కాలిఫోర్నియాలోని సాంటా బార్బరాలో యో-యోల తయారీ ప్రారంభించారు. ఆ వ్యాపారాన్ని కొన్న డొనాల్డ్ డంకన్ ‘యో-యో’ పేరును తన ట్రేడ్‌మార్కుగా కాపాడుకున్నారు. డంకన్ కంపెనీ 1946లో విస్కాన్సిన్‌లోని లక్ పట్టణానికి మారి, మేపుల్ కర్రతో పెద్ద ఎత్తున తయారుచేసింది. ఆ పేరు అందరికీ చెందిన సాధారణ పదమని 1965లో కోర్టు తేల్చింది. కనుక అమెరికాలో ఇతర కంపెనీ ముద్రతో ‘యో-యో’ అని రాసి ఉన్న చెక్క బొమ్మ చాలావరకు ఆ తీర్పు తర్వాతి కాలానిదై ఉంటుంది. ఫ్లోరెస్ తొలినాటి సరుకు దీనికి ముఖ్యమైన మినహాయింపు.

శుభ్రం చేయడానికి పొడి మెత్తని గుడ్డ చాలు. నీరు తగిలితే కర్ర ఉబ్బుతుంది, పాలిష్ పూస్తే రేకుముద్ర (సన్నని లోహపు రేకుతో అద్దిన ముద్ర) లేచిపోవచ్చు. దాచేముందు దారాన్ని విప్పి విడిగా ఉంచండి, ఎందుకంటే నూలు తేమను పీల్చి ఇరుసుకు ఆనించి ఉంచుతుంది. ఎండ తగలని, తేమ పెద్దగా మారని చోట, బిళ్ళ ముఖాలకు ఏదీ ఆనకుండా పెట్టండి.