గంటగంటకూ లేచే బిడ్డకు రాత్రి నిద్ర అలవాటు చేయడం

ఆరు నెలలు దాటిన బిడ్డ రాత్రి ఎనిమిదింటికి ఉయ్యాలలో నిద్రపోతుంది. తొమ్మిదింటికి లేస్తుంది, మళ్లీ పదిన్నరకు, మళ్లీ పన్నెండుకు. లేచినప్పుడల్లా ఊపాలి, లేదంటే పాలివ్వాలి. "నీ పాలు చాలడం లేదేమో" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు, తల్లి మనసు చివుక్కుమంటుంది. బిడ్డ బరువు బాగా పెరుగుతుంటే ఈ మెలకువలకు చాలావరకు కారణం ఆకలి కాదు. చంటిపిల్లల నిద్ర సుమారు 50 నిమిషాల విడతలుగా సాగుతుంది. ప్రతి విడత చివరా నిద్ర పలచబడుతుంది. ఊగుతూ కన్నుమూసిన బిడ్డకు అప్పుడు ఉయ్యాల ఆగిపోయి ఉంటే మళ్లీ ఆ ఊపే కావాలి. రొమ్ము నోట్లో ఉండగా నిద్రపోయిన బిడ్డ రొమ్ము కోసమే వెతుక్కుంటుంది. అందుకే మార్చాల్సింది రాత్రి మొదటిసారి నిద్రలోకి జారే పద్ధతిని. అది మారితే అర్ధరాత్రి మెలకువలు చాలామటుకు వాటంతట అవే తగ్గుతాయి.

నాలుగు నెలల లోపు పిల్లలకు ఈ నిద్ర అలవాటు చేయించే ప్రయత్నాలేవీ వద్దు. వాళ్లకు 2, 3 గంటలకోసారి పాలు కావాల్సిందే. పగలు వెలుతురులో, రాత్రి చీకట్లో ఉంచితే అప్పటికి చాలు. ఆరు నెలలు నిండాక మొదలుపెట్టడం మేలు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే డాక్టరు ఇచ్చిన కాన్పు తేదీ నుంచి వయసు లెక్కించాలి. బరువు పెరగకపోయినా, నిద్రలో గురక పెడుతున్నా, పాలు కక్కుతూ మెలికలు తిరుగుతున్నా ముందు పిల్లల డాక్టరుకు చూపించండి. టీకా వేయించిన రోజున, పుట్టింటి నుంచి అత్తింటికి మారిన వారంలో మొదలుపెట్టవద్దు.

రాత్రి నిద్ర పగటి నుంచే మొదలవుతుంది. ఈ వయసు పిల్లలకు 24 గంటల్లో మొత్తం 12 నుంచి 16 గంటల నిద్ర కావాలి. పగలే ఐదారు గంటలు పడుకుంటే ఆ మేరకు రాత్రి కోత పడుతుంది. ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య పగలు రెండు మూడు కునుకులు, అన్నీ కలిపి మూడు గంటల దాకా సరిపోతాయి. చివరి కునుకు సాయంత్రం ఐదింటికల్లా ముగియాలి. నాన్న ఆఫీసు నుంచి వచ్చేదాకా తొమ్మిదిన్నర వరకు బిడ్డను మేలుకోబెట్టే ఇళ్లు చాలా ఉన్నాయి. బాగా అలసిన బిడ్డ తొందరగా నిద్రపోదు, గుక్కపట్టి ఏడుస్తుంది. నాన్నతో ఆట పొద్దున్నకు మార్చుకోండి. పాలు, మెత్తటి పప్పన్నం పగలే కడుపునిండా పెట్టండి. చుట్టూ జనం ఉంటే కొందరు పిల్లలు పగలు సరిగా తాగరు, రాత్రి ఆ లోటు తీర్చుకుంటారు. గదిలో ఒంటరిగా కూర్చుని పాలివ్వండి. పడుకునే ముందు ఉగ్గు దట్టించడం వల్ల కడుపు బరువే తప్ప నిద్ర పెరగదు.

పడక బల్లపరుపుగా, గట్టిగా ఉండాలి. మీ గదిలోనే, కానీ వేరే పరుపు మీద, వెల్లకిలా పడుకోబెట్టాలి. ఆవాల దిండు, బొంత, బొమ్మలు తీసేయండి. మెడలో దారాలు, గొలుసులు ఉండకూడదు. చీర ఉయ్యాలలో బిడ్డ గడ్డం ఛాతీకి ఆనుకుని ఊపిరికి అడ్డం పడవచ్చు. బోర్లా పడడం నేర్చిన బిడ్డ ముఖం గుడ్డలో కూరుకుపోవచ్చు. అందుకే రాత్రంతా అందులో ఉంచవద్దు. వేసవిలో పలుచటి నూలు జుబ్బా చాలు. మెడ వెనుక చెయ్యి పెట్టి చూడండి, చెమట తగిలితే బట్టలు ఎక్కువైనట్టే. సాంబ్రాణి పొగ పడకగదిలో వద్దు.

ఏడుంపావుకు గోరువెచ్చటి నీళ్లతో స్నానం. ఏడున్నరకు లైటు వెలుగుతుండగా, పడక మీద కాకుండా కుర్చీలో కూర్చుని పాలు. చప్పరించడం నెమ్మదించి, మింగడం ఆగి, కళ్లు వాలుతుంటే అదే సమయం. శుభ్రమైన చిటికెనవేలు బిడ్డ పెదవి మూల నుంచి లోపలికి జరిపితే పట్టు వదులుతుంది. రొమ్మును ఊరికే లాగితే నొప్పి, బిడ్డా ఉలిక్కిపడుతుంది. భుజాన వేసుకుని తేన్పు వచ్చాక లైటు తీసేసి, చిన్న జోలపాట పాడి, ఇంకా మెలకువగా ఉండగానే పరుపు మీద పడుకోబెట్టండి.

మొదటి మూడు రాత్రులు నిద్రపోయేదాకా జోకొట్టండి. తర్వాతి మూడు రాత్రులు ఏడుపు తగ్గేదాకే జోకొట్టి, చెయ్యి ఊరికే ఆనించి ఉంచండి. ఆపైన మూడు రాత్రులు చెయ్యి తీసేసి పక్కన కూర్చోండి. ఆ తర్వాత తలుపు దగ్గరకు జరగండి. మొదటి రాత్రి గంట దాకా ఏడవవచ్చు. తట్టుకోలేకపోతే ఎత్తుకుని ఊరడించి, నిద్రపోకముందే మళ్లీ పరుపు మీదకు చేర్చండి. అందులో తప్పేమీ లేదు. చెడగొట్టేది నలభై నిమిషాలు ఏడ్చాక ఉయ్యాలలో వేయడం: ఇంకాస్త ఏడిస్తే ఉయ్యాల వస్తుందని బిడ్డకు తెలిసిపోతుంది. కాబట్టి ముందు రోజే అమ్మమ్మతో, నానమ్మతో మాట్లాడి ఒప్పించండి. వీలైతే రాత్రి లేవడం నాన్న వంతు చేయండి. అమ్మ దగ్గరకు వస్తే పాలవాసనకు బిడ్డకు పాలే గుర్తొస్తాయి.

అర్ధరాత్రి కదిలిన వెంటనే ఎత్తుకోకండి. పిల్లలు నిద్రలోనే మూలుగుతారు, కాళ్లు తన్నుతారు. రెండు నిమిషాలు ఆగి చూడండి. ఆరు నుంచి ఎనిమిది నెలల బిడ్డకు రాత్రి ఒకటి రెండుసార్లు పాలివ్వడం మామూలే, ఒకేసారి మానిపించవద్దు. అంతకు మించి ఇచ్చే పాలు సీసావైతే రెండు రాత్రులకోసారి 30 మి.లీ. తగ్గించండి, తల్లిపాలైతే ఇచ్చే సమయం రెండు నిమిషాలు తగ్గించండి. ట్యూబ్‌లైటు వేయకండి, మలవిసర్జన చేస్తే తప్ప డైపరు మార్చకండి.

నిద్ర కోసం వస అరగదీసి నాకించడం, తేనె, దగ్గు సిరప్ ఇవ్వవద్దు. ఏడాది లోపు బిడ్డకు తేనె వల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన విషజబ్బు రావచ్చు. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ అనే మందులు కలిసిన సిరప్‌లు నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని 2023 డిసెంబరులో కేంద్రం ఆదేశించింది.

ఎనిమిది, తొమ్మిది నెలలకు బిడ్డ లేచి నిలబడడం నేర్చి, రాత్రి పిల్లల మంచం కటకటాలు పట్టుకుని ఏడుస్తుంది. చాలామందికి నిలబడడం వస్తుంది, నిలబడ్డాక మళ్లీ కూర్చోవడం రాదు. పగలు పది నిమిషాలు మోకాళ్లు వంచి కూర్చోవడం ఆడించండి. రాత్రి మాటలు లేకుండా పడుకోబెట్టి, పాత పద్ధతే కొనసాగించండి.