529 ఖాతా ఖాళీ చేసే ముందు
అమెరికాలో పిల్లల్ని కాలేజీలో చేర్చిన మనవాళ్లకు ఒక మాట. ఫీజంతా 529 ఖాతా (పిల్లల చదువు కోసం పన్ను రాయితీతో దాచుకునే ఖాతా) నుంచే కట్టేయకండి. ట్యూషన్, పుస్తకాల ఖర్చులో 4,000 డాలర్లు చేతి డబ్బుతో కట్టి, దాని మీద అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ అనే కాలేజీ చదువుల పన్ను రాయితీ తీసుకోండి. ఏడాదికి 2,500 డాలర్ల దాకా పన్ను తగ్గుతుంది, అదీ నాలుగేళ్లు. ఒకే ఖర్చును 529కీ, క్రెడిట్‌కీ రెండు చోట్లా చూపించకూడదు, అసలు మెలిక అదే. హాస్టల్, భోజనాలకు ఈ క్రెడిట్ వర్తించదు కాబట్టి 529 డబ్బు అటు వాడండి. స్కాలర్‌షిప్ వచ్చిందా? కాలేజీ ఇచ్చే 1098-టి ఫారంలో (ఫీజు, స్కాలర్‌షిప్ వివరాల పత్రం) 5వ గడి చూసి, ఆ మేరకు ఫీజులోంచి తగ్గించి లెక్కేయండి. డిసెంబర్‌లో కట్టిన ఫీజుకు 529 నుంచి డబ్బు కూడా డిసెంబర్‌లోపే తీయండి, జనవరికి వాయిదా వేయొద్దు. దంపతుల ఆదాయం 1,80,000 డాలర్లు చేరితే ఈ క్రెడిట్ రాదు. అలాంటివాళ్లు 529 నుంచే నిశ్చింతగా కట్టేయొచ్చు.