పాదం బయటి అంచు నొప్పా? ముందు బూటు అడుగు చూడండి

నడిచిన ప్రతిసారీ చిటికెన వేలి వైపు పాదం అంచు సలుపుతోందా? నాకూ కొన్ని వారాలు అదే గోల. బామ్‌లు రాసి రాసి విసుగొచ్చాక బూట్లు తిరగేసి చూస్తే అడుగు బయటి వైపే అరిగిపోయి ఉంది. అలాంటి బూటు పాదాన్ని బయటికి ఒరిగేలా చేస్తుంది. చీలమండ వెనక నుంచి ఆ అంచుకు వచ్చే స్నాయువుల (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ల) మీద భారం పడుతుంది.

ఆ జత పక్కన పడేశాను. పల్చటి గుడ్డలో చుట్టిన ఐస్ 15 నిమిషాలు, రోజుకు మూడుసార్లు పెట్టాను. నొప్పి తగ్గుముఖం పట్టాక కుర్చీలో కూర్చుని, పాదం బయటి అంచును గోడకు ఆనించి 5 సెకన్లు మెల్లగా నెట్టి వదలడం మొదలుపెట్టాను. 10 సార్లు, రెండు పూటలా. మోకాలు కదలకూడదు, కదిలితే పనంతా తొడ చేసేస్తుంది!

కాలు మడతపడి వచ్చిన నొప్పికి మాత్రం ఇది పనికిరాదు. అంచు మధ్యలో పొడుచుకొచ్చినట్టుండే ఎముకను నొక్కితే ప్రాణం పోతున్నట్టున్నా, నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించుకోండి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు ఐస్ జోలికి పోవద్దు.